క్యాలిపర్ నిజంగా పోయిందా? మార్చే ముందు తేల్చుకునే పద్ధతి

కారు ముందు ఎడమ చక్రం దగ్గర కాలిన వాసన వస్తోందని ఒకసారి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. చక్రం విప్పి, చేత్తో ఒకసారి తిప్పి చూసి, "క్యాలిపర్ పోయిందండీ, రెండు వైపులా మార్చేద్దాం" అన్నాడు. చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్క్‌ని రెండు ప్యాడ్ల మధ్య నొక్కి పట్టి చక్రాన్ని ఆపే బ్రేక్ భాగమే ఈ క్యాలిపర్. చూడటానికి నిమిషం కూడా పట్టలేదు. ఏం అడగాలో నాకు తెలియదు, సరే అన్నాను. కొత్త క్యాలిపర్లు పడ్డాయి. మూడు వారాలు తిరక్కుండానే అదే చక్రం దగ్గర మళ్లీ అదే వాసన. చివరికి తేలిందేమిటంటే, క్యాలిపర్‌కి ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు హోస్ లోపల మూసుకుపోయింది. తీసి పక్కన పడేసిన పాత క్యాలిపర్‌కి ఏమీ కాలేదు.

అప్పటి నుంచి నా కారుకైనా, చుట్టాల కార్లకైనా బ్రేకులు పట్టేస్తున్నాయంటే ముందు కూర్చుని ఒక వరసలో చూస్తాను, తర్వాతే ఏం మార్చాలో మాట్లాడతాను. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను. ఇందులో మొదటి సగం ఎవరైనా చేసుకోవచ్చు. రెండో సగానికి చక్రం విప్పడం, స్పానర్ పట్టుకోవడం అలవాటుండాలి. అలవాటు లేకపోయినా చదవండి. మీ ముందు మెకానిక్ ఏం చేస్తున్నాడో, ఏం చేయకుండా వదిలేస్తున్నాడో తెలుస్తుంది.

ముందుగా ఒక మాట. పెడల్ తొక్కుతుంటే నేల దాకా దిగిపోతున్నా, చక్రం లోపలి వైపు ఆయిల్ కారుతున్నా, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర బ్రేక్ లైటు హ్యాండ్ బ్రేక్ దించాక కూడా వెలుగుతున్నా, చక్రం నుంచి పొగ వస్తున్నా ఈ పరీక్షల కోసం బండి నడపకండి. ఉన్నచోటే ఆపి, లాగించుకుని తీసుకెళ్లండి.

క్యాలిపర్ లోపల ఏం జరుగుతుంది

ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

చాలా కార్లలో ఉండేది కదిలే రకం క్యాలిపర్. దాని లోపలి వైపు ఒక పిస్టన్ ఉంటుంది. పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ (పెడల్ బలాన్ని ఆయిల్ ఒత్తిడిగా మార్చే భాగం) నుంచి వచ్చే ఆయిల్ ఒత్తిడికి ఆ పిస్టన్ ముందుకు జరిగి లోపలి ప్యాడ్‌ని డిస్క్ మీదికి నొక్కుతుంది. ఆ నొక్కుడికి క్యాలిపర్ ఒళ్లంతా రెండు పిన్నుల మీద జారుతూ వెనక్కి వెళ్లి, బయటి ప్యాడ్‌ని కూడా డిస్క్ మీదికి లాగుతుంది. పిస్టన్ ఒక్క వైపే ఉన్నా రెండు ప్యాడ్లూ పట్టుకునేది అలాగే. కొన్ని కార్లలో రెండు వైపులా పిస్టన్లుండే స్థిరమైన క్యాలిపర్లు ఉంటాయి. వాటికి ఈ జారే పిన్నులుండవు.

మరి కాలు తీశాక పిస్టన్ వెనక్కి ఎలా వస్తుంది? చాలామంది లోపల స్ప్రింగ్ ఉంటుందనుకుంటారు. ముందు చక్రాల క్యాలిపర్లలో అలాంటిదేమీ ఉండదు. పిస్టన్ చుట్టూ, సిలిండర్ గోడలో ఒక గాడిలో చదరపు అంచులున్న రబ్బరు సీల్ కూర్చుని ఉంటుంది. పిస్టన్ ముందుకు కదిలినప్పుడు దాన్ని పట్టుకుని ఉన్న ఆ సీల్ కూడా కొద్దిగా వంగుతుంది. ఒత్తిడి తగ్గగానే తిరిగి నిటారుగా నిలబడుతూ పిస్టన్‌ని వెంట్రుకవాసంత వెనక్కి లాక్కుంటుంది. ఆ కాస్త ఖాళీ చాలు, చక్రం స్వేచ్ఛగా తిరగడానికి. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ సీల్‌లోంచి ఇంకొంచెం ముందుకు జారి కొత్త చోట కుదురుకుంటుంది. డిస్క్ బ్రేకులకి అడ్జస్ట్‌మెంట్ అవసరం లేకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి "క్యాలిపర్ పట్టేసింది" అన్న ఒక్క మాట వెనక నాలుగైదు వేర్వేరు సంగతులు ఉండొచ్చు. పిస్టన్ తుప్పు పట్టి కదలకపోవచ్చు. సీల్ గట్టిపడి వెనక్కి లాగలేకపోవచ్చు. పిన్నులు ఎండిపోయి క్యాలిపర్ జారకపోవచ్చు. బ్రాకెట్‌లో, అంటే ప్యాడ్లు కూర్చునే ఇనుప చట్రంలో, తుప్పు పేరుకుని ప్యాడ్ చెవులు (రెండు చివర్లా పొడుచుకొచ్చిన కొసలు) ఇరుక్కుపోవచ్చు. అసలు క్యాలిపర్ అంతా బాగుండి, హోస్ ఆయిల్‌ని వెనక్కి వదలకపోవచ్చు. వీటిలో క్యాలిపర్ విప్పి బాగుచేయాల్సినవి మొదటి రెండే.

మొదటి అడుగు: నడుపుతూ గమనించండి

బండి ఎప్పుడు పక్కకి లాగుతోందో విడదీసి చూడండి. బ్రేక్ తొక్కినప్పుడా, తొక్కనప్పుడా?

బ్రేక్ తొక్కినప్పుడు మాత్రమే కుడికి లాగుతోందంటే అందరికీ ముందు కుడి చక్రం మీదికే అనుమానం పోతుంది. ఎక్కువసార్లు కుడి వైపు బ్రేక్ తన పని తాను సరిగ్గానే చేస్తుంటుంది. ఎడమ వైపు పిస్టన్ ముందుకు రాకపోవడం వల్ల ఆ చక్రం సరిగ్గా ఆగదు, బండి బాగా ఆగుతున్న వైపు తిరుగుతుంది. కాబట్టి లాగుతున్న వైపుకి ఎదుటి చక్రం కూడా చూడాలి.

బ్రేక్ తొక్కకుండానే ఎడమకి లాగుతూ, ఆ చక్రం వేడిగా కూడా ఉంటే ఎడమ బ్రేక్ వదలడం లేదని అర్థం. వేడి లేకుండా ఊరికే లాగుతోందంటే టైర్లలో గాలి, వీల్ అలైన్‌మెంట్ ముందు చూసుకోండి.

మరికొన్ని లక్షణాలు క్యాలిపర్ ఖాతాలో అనవసరంగా పడుతుంటాయి. కీచుమనే సన్నని శబ్దం చాలాసార్లు ప్యాడ్ అరిగిందని చెప్పే రేకుది. బ్రేక్ తొక్కితే స్టీరింగ్ వణకడం డిస్క్ మందం అంతటా ఒకేలా లేకపోవడం వల్ల వస్తుంది. క్యాలిపర్ పట్టేసి డిస్క్ వేడెక్కడం కూడా దానికి ఒక కారణం కావచ్చు, కాబట్టి వేడి పరీక్ష అయ్యాకే ఒక నిర్ణయానికి రండి. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటే లైన్లలో గాలి ఉండొచ్చు. వాన పడిన మర్నాడు పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమంటే అది డిస్క్ మీద రాత్రి పట్టిన తుప్పు, దానంతట అదే పోతుంది.

రెండో అడుగు: వేడి చూడండి

తక్కువ ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద పదిహేను ఇరవై నిమిషాలు నడపండి. బ్రేక్ వీలైనంత తక్కువ వాడండి. ఆపాల్సినప్పుడు కాలు తీసేసి, గేర్లు తగ్గిస్తూ, చివర్లో మాత్రం మెల్లగా బ్రేక్ వేసి ఆపండి. గట్టిగా బ్రేక్ కొట్టి ఆపితే అన్ని చక్రాలూ వేడెక్కిపోయి తేడా తెలియదు.

ఆగగానే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో, అంటే దూరం నుంచి వేడి చూపించే పిస్తోలు లాంటి పరికరంతో, ప్రతి డిస్క్ మీదా ఒకే చోట గురిపెట్టి చూడండి. ముందు చక్రాల్ని ముందు చక్రాలతో, వెనకవాటిని వెనకవాటితోనే పోల్చాలి. ఆపే భారం ఎక్కువగా ముందు చక్రాల మీద పడుతుంది కాబట్టి ముందువి వెనకవాటికన్నా వేడిగా ఉండటం మామూలే. ఎడమ, కుడి అంకెలు దగ్గర దగ్గరగా ఉంటే మంచిదే. ఒక వైపు 50 డిగ్రీలు, రెండో వైపు 120 ఉంటే అక్కడ ఏదో రాసుకుంటోందని ఖాయం చేసుకోవచ్చు. అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తాయి.

ఆ పరికరం లేకపోతే అరచేతి వెనక వైపుని చక్రం దగ్గరికి తీసుకెళ్లి సెగ పోల్చి చూడండి. డిస్క్‌ని మాత్రం ముట్టుకోవద్దు, చర్మం ఊడొస్తుంది.

వేడి దొరికినంత మాత్రాన క్యాలిపర్ దొరికినట్టు కాదు. వెనక చక్రమైతే హ్యాండ్ బ్రేక్ కేబుల్ ఇరుక్కుని ఉండొచ్చు. వీల్ బేరింగ్ పోయినా వేడి పుడుతుంది. అప్పుడు వేడి చక్రం మధ్యలో ఎక్కువగా ఉంటుంది, స్పీడుతో పెరిగే హోరు కూడా వినిపిస్తుంది.

మూడో అడుగు: చక్రం లేపి తిప్పండి

డిస్క్ చల్లారాక, సమతలంగా ఉన్న గట్టి నేల మీద చేయాలి. నేల మీద ఉన్నప్పుడే వీల్ నట్లు కొద్దిగా వదులు చేయండి. లేపని చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టండి. జాకీతో లేపి, కారు బరువుని స్టాండ్ మీద దించండి. ఉత్త జాకీ మీద నిలబడిన కారు కింద చెయ్యి కూడా పెట్టొద్దు.

ఇప్పుడు చక్రాన్ని చేత్తో తిప్పండి. ప్యాడ్ సన్నగా రాసుకుంటున్న చప్పుడు ఉండటం సహజం. ఇంజిన్ శక్తి అందుకునే చక్రమైతే గేర్‌బాక్స్ వల్ల కాస్త బరువుగా తిరుగుతుంది. అందుకే ఒక్క చక్రాన్ని చూసి తేల్చకండి, రెండో వైపుది కూడా తిప్పి పోల్చండి.

తర్వాత ఒకరిని లోపల కూర్చోబెట్టి, ఇంజిన్ ఆన్ చేసి, పెడల్ గట్టిగా రెండుసార్లు తొక్కి వదలమనండి. బండి న్యూట్రల్‌లోనే ఉండాలి, చక్రాల అడ్డులు ఇంకోసారి చూసుకోండి. వదిలిన వెంటనే చక్రం తిప్పండి. వెంటనే తిరిగితే బాగుంది. మొదట బిగుసుకుని, కొన్ని సెకన్లకి మెల్లగా వదిలితే హోస్ మీద గట్టి అనుమానం. అసలు వదలకపోతే నాలుగో అడుగుకి రండి. అసలు తీర్పు అక్కడే ఉంది.

నాలుగో అడుగు: బ్లీడింగ్ స్క్రూ చెప్పే నిజం

నా కారు విషయంలో మొదటి మెకానిక్ చేయకుండా వదిలేసిన పని ఇదొక్కటే. చేసి ఉంటే రెండు క్యాలిపర్ల ఖర్చు మిగిలేది.

క్యాలిపర్ పైభాగాన, రబ్బరు టోపీ పెట్టి ఒక చిన్న స్క్రూ ఉంటుంది. లైన్లలో గాలి తీసేది దాన్నుంచే. టోపీ తీసి, సరిగ్గా సరిపోయే రింగ్ స్పానర్ పెట్టి, దాని ముక్కుకి సన్నటి పారదర్శక ట్యూబు తొడిగి, రెండో చివర కాస్త బ్రేక్ ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. తుప్పు పట్టి ఉంటే ముందు రోజే తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. బలవంతంగా తిప్పితే స్క్రూ విరిగిపోతుంది, అప్పుడు బాగున్న క్యాలిపర్‌ని కూడా మార్చాల్సి వస్తుంది.

చక్రం బిగుసుకుని ఉండగానే, పెడల్ మీద ఎవరి కాలూ లేకుండా, ఆ స్క్రూని పావు చుట్టు తిప్పండి.

వాసన మళ్లీ వచ్చాక ఈ పరీక్ష చేసిన రోజు, మేము తిప్పగానే ట్యూబులోకి ఆయిల్ ఒక్కసారిగా చిమ్మింది. అంతవరకూ రెండు చేతులతో తోసినా కదలని చక్రం, నేను ఒక చేత్తో పట్టుకుని ఉండగానే వదిలేసింది. "టక్"మని చిన్న శబ్దం కూడా వినిపించింది. క్యాలిపర్ నిర్దోషి అని చెప్పడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. పిస్టన్ వెనక్కి రావడానికి సిద్ధంగానే ఉంది, వెనక ఉన్న ఆయిల్‌కే దారి లేదు.

దీన్ని ఇలా అర్థం చేసుకోండి. స్క్రూ తెరవగానే ఆయిల్ చిమ్మి చక్రం వదిలితే, ఒత్తిడి చిక్కుకుపోయింది. తప్పు క్యాలిపర్‌కి పైన, ఆయిల్ వచ్చే దారిలో ఎక్కడో ఉంది. ఆయిల్ చుక్కలు చుక్కలుగా కారి, చక్రం అలాగే బిగుసుకుని ఉంటే తప్పు క్యాలిపర్‌లోనో, పిన్నుల్లోనో, ప్యాడ్లు కూర్చునే చోటో ఉంది. చూడటం అయిన వెంటనే స్క్రూ బిగించేయండి.

పైన అని తేలితే ఇంకొక్క మెట్టు ఎక్కాలి. చక్రం మళ్లీ పట్టేసేలా పెడల్ తొక్కించి, ఈసారి రబ్బరు హోస్‌కి పైన, ఇనుప పైపు కలిసే చోట జాయింట్ కొద్దిగా వదులు చేయండి. అక్కడ వదిలినా చక్రం బిగుసుకునే ఉండి, బ్లీడింగ్ స్క్రూ దగ్గర మాత్రమే వదిలితే మధ్యలో ఉన్నది హోసే. దాని లోపలి పొర ఊడి మడతపడి తలుపులా పనిచేస్తుంది. కాలి ఒత్తిడి బలమైనది కాబట్టి ఆయిల్‌ని లోపలికి నెట్టుకుంటూ వెళ్తుంది. వెనక్కి రావడానికి ఉన్నది సీల్ లాగుడొక్కటే, దానికి ఆ తలుపు తెరిచే బలం లేదు. బయటి నుంచి చూస్తే హోస్ కొత్తదానిలా కనిపించవచ్చు. పై జాయింట్ దగ్గరే చక్రం వదిలితే మాస్టర్ సిలిండర్, పెడల్ ఫ్రీ ప్లే (తొక్కినప్పుడు బ్రేక్ పని మొదలయ్యే ముందు ఉండే ఖాళీ కదలిక) చూడాలి. అక్కడ తప్పుంటే సాధారణంగా ఒక్క చక్రంతో ఆగదు, ఒకటికి మించి పట్టేస్తాయి.

జాయింట్లు వదులు చేశాక గాలి దూరే అవకాశం ఉంది. కాబట్టి బండి కదిపేముందు బ్లీడ్ చేయాలి, అంటే బ్లీడింగ్ స్క్రూ నుంచి ఆ గాలి తీసేయాలి. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది, పడిన చోట వెంటనే నీళ్లతో కడగండి.

అయిదో అడుగు: విప్పి చూడండి

చక్రం తీశాక ముందుగా తడి కోసం వెతకండి. బ్రేక్ ఆయిల్ పల్చగా, జారుడుగా ఉంటుంది. నల్లగా జిగటగా ఉన్నది యాక్సిల్ బూట్ చిరిగి కారిన గ్రీజు కావచ్చు, దానికీ బ్రేకులకీ సంబంధం లేదు. తడి ఎక్కడుందన్నది ముఖ్యం. పిస్టన్ చుట్టూ దుమ్ము పోకుండా ఉండే రబ్బరు తొడుగు, అంటే డస్ట్ బూట్, దాని అంచుని మెల్లగా లేపితే లోపల ఆయిల్ కనిపిస్తే సీల్ పోయినట్టే, ఇక సందేహం అక్కర్లేదు. హోస్ క్యాలిపర్‌కి కలిసే బోల్టు దగ్గర తడి ఉంటే అక్కడి రాగి వాషర్లు మారిస్తే సరిపోవచ్చు. పేరుకున్న నల్ల దుమ్ముని గాలితో ఊదకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

తర్వాత రెండు ప్యాడ్లూ తీసి పక్కపక్కన పెట్టండి. ఇవి చెప్పే కథ వినడం నేర్చుకోవాలి. రెండూ సమానంగా అరిగి ఉంటే, ఎదుటి చక్రం ప్యాడ్లతో కూడా సరిపోలితే ఆ క్యాలిపర్ ఇన్నాళ్లూ బాగానే పనిచేసింది. రెండూ సమానంగా, కానీ ఎదుటి చక్రంకన్నా చాలా ఎక్కువగా అరిగితే ఒత్తిడి చిక్కుకుపోవడమో, పిస్టన్ వదలకపోవడమో జరిగింది. లోపలిది అరిగి బయటిది దాదాపు కొత్తగా ఉంటే పిస్టన్ వెనక్కి రావడం లేదు, లేదంటే పిన్నులు బిగుసుకుని క్యాలిపర్ జారడం లేదు. బయటిది ఎక్కువ అరిగితే పిన్నుల మీదే ముందు అనుమానం. ఒకే ప్యాడ్ ఒక చివర పల్చగా, ఇంకో చివర మందంగా ఏటవాలుగా అరిగితే ఒక పిన్ను కదులుతూ ఇంకొకటి కదలడం లేదని, లేదా ప్యాడ్ చెవి బ్రాకెట్‌లో ఇరుక్కుందని అర్థం.

ప్యాడ్ మీద రాపిడి పదార్థం 3 మి.మీ.కి వస్తే ఎలాగూ మార్చేయడం మంచిది. డిస్క్ కనీసం ఎంత మందం ఉండాలో చాలా డిస్కుల మీదే మిల్లీమీటర్లలో ముద్రించి ఉంటుంది, కొలిచి చూడండి.

ఆరో అడుగు: పిన్నుల్ని చేత్తో, పిస్టన్‌ని క్లాంప్‌తో

క్యాలిపర్ విప్పాక హోస్‌కి వేలాడదీయకండి. వైరుతో పైన సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టండి. విప్పి ఉండగా పెడల్ ఎవరూ తొక్కకుండా చూసుకోండి.

పిన్నుల్ని రెండు వేళ్లతో లాగి చూడండి. మంచి పిన్ను, మందు నింపిన సిరంజిలా, మెత్తని అడ్డంకితో సాఫీగా లోపలికీ బయటికీ కదులుతుంది. మెలితిప్పితే గానీ రాకపోయినా, బయటికి వచ్చాక దాని మీద గ్రీజు బెల్లం పాకంలా గోధుమ రంగులో గట్టిపడి ఉన్నా, తుప్పు మచ్చలు కనిపించినా మీ సమస్య అక్కడే ఉండొచ్చు. పూర్తిగా తుడిచి, రంధ్రం కూడా శుభ్రం చేసి, బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు పల్చగా పూయండి. మామూలు బేరింగ్ గ్రీజు, ఇంజిన్ ఆయిల్ వద్దు. అవి రబ్బరుని ఉబ్బించి, నెలల్లో పిన్నుని మళ్లీ బిగించేస్తాయి. గ్రీజు మరీ దట్టించినా లోపల గాలి చిక్కి పిన్ను పూర్తిగా కూర్చోదు. పై పిన్నూ కింది పిన్నూ కొన్ని కార్లలో వేర్వేరుగా ఉంటాయి, ఏది ఎక్కడిదో తీసేటప్పుడే గుర్తు పెట్టుకోండి. చిరిగిన పిన్ బూట్లు మార్చండి. బ్రాకెట్‌లో ప్యాడ్ క్లిప్పులు తీసి, కింద పేరుకున్న తుప్పుని వైర్ బ్రష్‌తో రుద్దేయండి.

పిస్టన్ సంగతి. ముందు బ్రేక్ ఆయిల్ డబ్బా (రిజర్వాయర్) మూత తీసి ఆయిల్ పొంగకుండా చూసుకోండి. పాత ప్యాడ్‌ని పిస్టన్ మీద అడ్డుపెట్టి, సీ క్లాంప్‌తో (C అక్షరంలా ఉండే మర బిగింపు పరికరంతో) మెల్లగా నొక్కండి. బ్లీడింగ్ స్క్రూకి ట్యూబు తగిలించి, తెరిచి నొక్కితే లోపలి మురికి ఆయిల్ వెనక్కి ఏబీఎస్ (గట్టి బ్రేక్‌కి చక్రాలు బిగుసుకుపోకుండా చూసే యంత్రాంగం) వైపు పోకుండా సీసాలోకి వస్తుంది. నాకు ఆ పద్ధతే ఇష్టం. పిస్టన్ నిదానంగా, ఒకే తీరు బిగువుతో లోపలికి పోవాలి. స్క్రూ తెరిచి ఉన్నా మధ్యలో ఆగిపోతూ, క్లాంప్‌ని గట్టిగా తిప్పితే గానీ కదలకపోతే పిస్టన్ తుప్పు పట్టింది.

లోపలికి పోయింది కదా అని ఊరుకోకండి. స్క్రూ బిగించి, పిస్టన్‌కి ఎదురుగా మందపాటి చెక్క ముక్క పెట్టి, పెడల్ చాలా మెల్లగా ఒకటి రెండుసార్లు తొక్కించండి. కొద్దిగా బయటికి వచ్చాక బూట్ కింద నుంచి పిస్టన్ ఒంటిని టార్చితో చూడండి. అద్దంలా మెరుస్తుంటే మంచిది. గుంటలు, తుప్పు పొక్కులు ఉంటే అవి సీల్‌ని కోస్తూనే ఉంటాయి. పిస్టన్ మొత్తం ఊడి రాకుండా జాగ్రత్త.

వెనక చక్రాల దగ్గర తొందరపడొద్దు. హ్యాండ్ బ్రేక్ యంత్రాంగం క్యాలిపర్‌లోనే ఉన్న చాలా కార్లలో పిస్టన్‌ని నొక్కకూడదు, ప్రత్యేకమైన పరికరంతో తిప్పుతూ లోపలికి పంపాలి. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్నవాటిని ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి. తెలియకుండా క్లాంప్ వేస్తే బాగున్నదాన్ని మనమే పాడుచేసినట్టవుతుంది.

ఇప్పుడు తీర్పు

పిన్నులు, ప్యాడ్ క్లిప్పులు, హోస్, రాగి వాషర్లు, వీటితో సమస్య తీరితే క్యాలిపర్ జోలికి వెళ్లకండి.

పిస్టన్ నునుపుగా ఉండి, సీల్ దగ్గర కారుతోంటే, లేదా డస్ట్ బూట్ చిరిగి ఇంకా తుప్పు మొదలవకపోతే సీల్ కిట్‌తో బాగుచేయొచ్చు. సిలిండర్ లోపలి గోడ మీద చిన్న మరకలు చూసి భయపడక్కర్లేదు. ఈ రకం క్యాలిపర్లో సీల్ కదలకుండా గాడిలో ఉంటుంది, పిస్టనే దాని మీద జారుతుంది. కాబట్టి ఆయిల్‌ని ఆపేది పిస్టన్ నునుపూ, ఆ గాడి శుభ్రతా. గాడిలోనే తుప్పు తినేసి గుంటలు పడితే కొత్త సీల్ కూడా నిలవదు. పిస్టన్‌ని బయటికి తీయడానికి కంప్రెషర్ గాలి వాడతారు. అది బుల్లెట్‌లా వస్తుంది, వేళ్లు నలిగిపోతాయి. ఎప్పుడూ చేయనివాళ్లు ఈ పని అనుభవం ఉన్నవాళ్లకి వదిలేయాలనే నా అభిప్రాయం.

పిస్టన్ మీద గుంటలు పడి విడిగా దొరకకపోతే, బ్లీడింగ్ స్క్రూ విరిగి రాకపోతే, మరలు అరిగిపోతే, పిన్ రంధ్రాలు వెడల్పై క్యాలిపర్ లటలటలాడుతుంటే, పగులు కనిపిస్తే, వెనక క్యాలిపర్లో హ్యాండ్ బ్రేక్ యంత్రాంగం బిగుసుకుపోతే మార్చాల్సిందే. అప్పుడు ఖర్చుకి వెనకాడొద్దు.

రెండు వైపులా మార్చాలా? ప్యాడ్లు, డిస్కులు ఎప్పుడూ జతగానే మార్చాలి, అందులో మాట లేదు. క్యాలిపర్ విషయంలో నేను ఎదుటి దాన్ని కూడా ఇదే వరసలో పరీక్షిస్తాను. వయసు వల్ల పోయిందైతే రెండోదానికీ అదే వయసు, దాని పిస్టన్ మీద కూడా పొక్కులు మొదలై ఉంటే జతగా మారుస్తాను. ఒక బూట్ చిరగడం వల్ల ఒక్కటే పోయి, రెండోది నున్నగా ఉంటే దాన్ని అలాగే ఉంచుతాను.

మీరు చేయించుకునేవారైతే మెకానిక్‌ని మర్యాదగా మూడు సంగతులు అడగండి: బ్లీడింగ్ స్క్రూ తెరిస్తే చక్రం వదిలిందా, పిన్నులు ఎలా కదులుతున్నాయి, పిస్టన్ ఒళ్లు ఒకసారి చూపిస్తారా. పని తెలిసినవాడు సంతోషంగా పిలిచి చూపిస్తాడు.

బిగించాక

కొత్త క్యాలిపర్ వేస్తే బ్లీడింగ్ స్క్రూ పై వైపు ఉందో లేదో చూడండి. కిందికి ఉంటే ఎడమది కుడికి వేసినట్టే, ఎంత బ్లీడ్ చేసినా గాలి పోదు. బోల్టులన్నీ కారు మాన్యువల్ చెప్పిన టార్క్‌కి, అంటే బిగువు కొలతకి, బిగించండి. ఆయిల్ రిజర్వాయర్ మూత మీద రాసిన రకమే పోయండి, కొత్త సీసా తెరిచి పోయండి. డాట్ 3, డాట్ 4 ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 మరగడానికి కనీసం 230 డిగ్రీలు కావాలి, నీరు చేరాక ఆ లెక్క 155 దాకా పడిపోవచ్చు. క్యాలిపర్ లోపల తుప్పు మొదలవడానికి కూడా ఆ నీరే కారణం. పేరు చూసి డాట్ 5 పోయకండి, అది సిలికాన్ ఆయిల్, వీటితో కలవదు.

బండి కదిపే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కండి. ఇది మర్చిపోతే మొదటి బ్రేక్‌కి కాలు నేలకి తగులుతుంది. ప్యాడ్లు కొత్తవైతే ఖాళీ రోడ్డు మీద 50 కి.మీ. వేగం నుంచి 10కి మధ్యస్థంగా బ్రేక్ వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ఎనిమిది పదిసార్లు చేయండి. ప్యాడ్ల పెట్టె మీద వేరే పద్ధతి రాసి ఉంటే అదే పాటించండి.

రెండు మూడు రోజులు మామూలుగా నడిపాక, రెండో అడుగులో రాసిపెట్టుకున్న కాగితం తీయండి. అదే రోడ్డు మీద, అదే పద్ధతిలో నడిపి, అదే చోట గురిపెట్టి మళ్లీ చూడండి. నా కారుకి హోస్ మార్చాక ఎడమకీ కుడికీ తేడా నాలుగు డిగ్రీలు వచ్చింది.